గట్టు మీద కరెంటు సైకిల్

చిన్నప్పుడు వచ్చిన పోలియోతో నా ఎడమ కాలు సన్నబడిపోయింది. నేను పాఠాలు చెప్పే బడి బనగానపల్లె అవతల కొండవార పల్లెలో ఉంది. ఆటో నాపరాళ్ల గని దాకానే వస్తుంది. అక్కడి నుంచి ఎక్కుడు దారి, దారి నిండా గనిలోంచి పారబోసిన రాతిముక్కలు. బడి చేరేసరికి నడుము పట్టేసేది. కొండదారుల్లోనూ పోయే కరెంటు సైకిల్ ఉందని, తొక్కుతుంటే మోటారు సాయం చేస్తుందని ఫోనులో చూశాక దాని మీద మనసు పడ్డాను.

కొనేందుకు తోడు రమ్మని మా అన్నను అడిగాను. ఆయన కర్నూల్లో రోజూ తెల్లవారుజామున సైకిల్ తొక్కే జట్టులో ముందుండే మనిషి.

"నీకెందుకే అది? నేల మీద నడిచేదే సరిగ్గా రాదు నీకు," అన్నాడు.

"తొక్కి చూస్తాన్నా. కుదరకపోతే నేనే వద్దంటా."

ఆదివారం చర్చి అయ్యాక కర్నూలు పక్కనున్న జగన్నాథగట్టుకు వెళ్లాం. సైకిళ్ల అంగడాయన ఆ సైకిల్‌ను ఆటోట్రాలీలో తెచ్చి, సీటు బాగా దించాడు. "రెండు కాళ్లూ నేలకు ఆనాలక్కా, అప్పుడే ధైర్యం," అన్నాడు. కాలు అవతలికి వేయడానికే సైకిల్‌ను ఒరగబెట్టాల్సి వచ్చింది. అన్న ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

తొక్కాను. కుడికాలు ఒక్కసారి నొక్కితే చాలు, బండి ముందుకు సాగింది. ఎడమ కాలు పెడల్ మీద ఊరికే తిరుగుతోంది. నా జన్మలో ఎక్కుడు దారిలో ఆయాసం లేకుండా పోవడం అదే మొదలు. పైకి పోయి, మలుపు తిరిగి, నవ్వుతూ దిగివచ్చాను.

నీళ్లు తాగడానికి సైకిల్‌ను చెట్టుకు ఆనించాను. మళ్లీ ఎక్కి, ఈసారి రాళ్లున్న పక్కదారి పట్టాను. ఎత్తు మొదలైన చోట కుడికాలు నొక్కితే పెడల్ కదల్లేదు. ఎడమ కాలికి అంత బలం లేదు. సైకిల్ వెనక్కి జారింది. పక్కకు పడిపోయాను. అరచేతులు గీరుకుపోయాయి, సైకిల్ నా తొడ మీద పడింది.

కింద అన్న నవ్వు వినిపించింది. నేను నీళ్లు తాగేటప్పుడు బ్యాటరీ తాళం తిప్పేశాడట.

"చార్జి అయిపోతే ఎట్లుంటాదో చూడాల గదా!" అన్నాడు, ఫోను దించకుండానే.

అంగడాయన నా వైపు రాబోయాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండప్పా. గని దారిలో నువ్వుంటావా, నేనుంటానా? లేపుకోనీ."

కింది నుంచి ఎలాగో బయటికి వచ్చాను. హ్యాండిల్ పట్టుకుని లేపబోయాను. బరువు ఎత్తాలంటే రెండు కాళ్ల మీదా నిలబడాలి. ఎడమ కాలు మడతపడి మళ్లీ కూలబడ్డాను. ఇంకోసారీ అంతే. ఎండకు హ్యాండిల్ చుర్రుమంటోంది.

"ఇప్పుడు చెప్పు, తీసుకుంటావా?"

తీసుకుంటాననే చెప్పాలనుంది, ఆయన మొహం మీద. కానీ గని దారిలో మధ్యాహ్నం ఆ రాళ్ల మీద ఇలాగే పడి ఉన్న నేను నాకే కనిపించాను.

"వద్దు," అన్నాను.

"ఆ మాట ఇంట్లోనే అనుంటే పోయేది గదా!" అని అప్పుడు వచ్చి సైకిల్‌ను ఒంటిచేత్తో లేపాడు.

నేను బస్సులో మా ఊరు చేరేలోపే వీడియో ఇంటివాళ్ల గ్రూపులోకి వచ్చేసింది. ఎక్కిందీ దిగిందీ కత్తిరించి, పడిందే పెట్టాడు. కింద వరసగా నవ్వు బొమ్మలు. వాటిలో నా భర్తది కూడా ఉంది.

"అందరూ పెట్టినారని పెట్నా. ఊరికే," అన్నాడు ఆయన, అన్నం కలుపుకుంటూ. నేను నా కంచం తీసుకుని వసారాలోకి వెళ్లి తిన్నాను.

అమ్మ మాత్రం ఫోను చేసి, "మీ అన్న రూపంలో దేవుడే నిన్ను కాపాడినాడే. ఒక మాట థ్యాంక్స్ చెప్పు," అంది. చెప్పలేదు. ఆ సైకిల్ నాకు పనికిరాదన్నది నిజమే. అది తెలియడానికి తాళం తిప్పక్కర్లేదు. నేల మీద పడుకోబెట్టి ఒకసారి లేపి చూడమన్నా సరిపోయేది.

ఇప్పుడు పక్కచక్రాలు బిగించిన స్కూటీ నడుపుతున్నాను. అది గని దాకా పోతుంది. పై దారి ఇంకా నడకే. మొన్న మేనకోడలి పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల దాకా కూడా ఆ వీడియో పోయినట్టుంది, నేను కాఫీ తెస్తుంటే నా వంక చూసి, "ఈమేనా సైకిల్ మీద పడింది?" అని అడిగారు. అన్న గర్వంగా అవునన్నాడు.