ఎడమచేతి ముడి

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. పైగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో పట్టుకోవడమే ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. అలాంటి నాకే ఇది జరిగింది.

మాది తెనాలి. చదువుకోవడానికి హైదరాబాద్ వచ్చినప్పుడు హాస్టల్ గదిలో నాతో ఉన్నది సుగుణ, భువనగిరి పిల్ల. నాకు కొండలెక్కడం నేర్పింది తనే. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న చోట అప్పుడన్నీ రాళ్లగుట్టలే. ఆదివారం వస్తే తాడు భుజాన వేసుకుని పోయేవాళ్లం.

ఎక్కేవాళ్లకి ఒక పద్ధతి ఉంది. నడుముకి బెల్టు కట్టుకుని, తాడు కొసని దానికి ఎనిమిది అంకెలా ముడి వేసుకోవాలి. ఎంత అనుభవం ఉన్నా సరే, ఆ ముడిని పక్కవాళ్లు చూసి, లాగి, సరే అన్నాకే రాయి మీద చెయ్యి వెయ్యాలి. సుగుణది ఎడమచేతి వాటం. నా ముడి చూశాక మిగిలిన కొసని అందరికీ వ్యతిరేకంగా తిప్పి, మూడు చుట్లు చుట్టి పైకి దోపేది. అలా వేసేవాళ్లని ఇంకొకరిని చూడలేదు. "నేను చూడకుంట ఎక్కకే," అనేది.

తర్వాత నాకు పెళ్లయింది. ఇద్దరు పిల్లలు, కొండాపూర్‌లో ఫ్లాటు, ఆఫీసు, ట్యూషన్లు. సుగుణ మాత్రం ఎక్కడం మానలేదు. ప్రతి చలికాలం ఫోన్ చేసి, "ఈసారన్న వస్తవా?" అని అడిగేది. పాపకి పదో తరగతి అనేదాన్ని. ఆ తర్వాత బాబుకి ఇంటర్ అనేదాన్ని.

నాలుగేళ్ల కిందట ఆస్పత్రి నుంచి చేసింది. "రాయి మీదికి రాకుంటె రాకపోతివి, ఈ దవాఖానకన్న ఒక్కసారి రావే," అంది. బాబు పరీక్షలు అయిపోగానే వస్తానన్నాను. చివరి పరీక్ష గురువారం. సుగుణ మంగళవారం పోయింది. ఆ ఆస్పత్రి మా ఇంటికి అరగంట దూరం. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బాబు కూడా ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాక, పోయిన చలికాలం ఒక కొండలెక్కే క్లబ్బులో చేరాను. ఈ వయసులో ఇదేం సరదా అని మా వారు నవ్వారు. సరదా కాదు. సుగుణ అడిగినవాటిలో ఒక్కటైనా తీరుద్దామని.

మొదటి ఆదివారం, పొద్దున ఏడింటికి, కోకాపేట అవతల ఒక గుట్ట దగ్గరికి ఏడుగురం వెళ్లాం. అందులో ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, కింద నా తాడు పట్టుకునే శిరీషా. సిద్దిపేట అమ్మాయి, మా పాప వయసే ఉంటుంది.

ముడి సగం వేశాను. ఫోన్ మోగింది. మా వారు. ఇడ్లీ పిండి ఏ గిన్నెలో ఉందని. ఇంటి నుంచి ఫోన్ వస్తే చేతిలో ఏదున్నా వదిలేసే జబ్బు నాది. మాట్లాడి పెట్టేసి, ముడి అయిపోయిందనుకుని ఎక్కేశాను. శిరీష కూడా ఆపలేదు.

ముప్పై అడుగుల ఎత్తులో కాలు జారింది. తాడు బిగిసి గాల్లో వేలాడాను. నడుము వైపు చూసుకోబోతుంటే గుర్తొచ్చింది, ముడి పూర్తిచెయ్యలేదని. సగం ముడి మనిషి బరువుకి ఊడొచ్చేస్తుంది.

కానీ ముడి పూర్తిగా ఉంది. కొస వ్యతిరేకంగా మూడు చుట్లు తిరిగి, పైకి దోపి ఉంది.

వెక్కి వెక్కి ఏడ్చాను. కింద వాళ్లు భయపడ్డాననుకుని నెమ్మదిగా దించారు.

తర్వాత శిరీషని అడిగాను, నా ముడి చూశావా అని.

"నేను చూడలే ఆంటీ. మీరు ఫోన్ల ఉన్నప్పుడు ఎవరో ఆమె వంగి సరిచేసింది గద? ఇగ మంచిగనే ఉంటదనుకున్న," అంది.

సాయంత్రం క్లబ్బు గ్రూపులో ఫోటోలు పెట్టారు. ఒకదాంట్లో నేను ఫోన్ మాట్లాడుతున్నాను. నడుము దగ్గర సగం ముడి, కింద వేలాడుతున్న కొస. నా పక్కన ఎవరూ లేరు.

పాత అలవాటు మీద నేనే వేసుకుని మర్చిపోయానేమో అని కూడా చూశాను. ఒక తాడు ముక్క కొని ఇంట్లో పెట్టుకున్నాను. ఎన్నిసార్లు వేసినా ఆ చుట్టు నా కుడిచేతికి రావడం లేదు. కారణం ఏమిటో నాకు తెలియదు. రమ్మంటే నేను వెళ్లలేదు, తను మాత్రం పిలవకుండానే వచ్చిందా?

ఇంకో బాధ కూడా ఉంది. నేను దిగేసరికి ఆ తాడు కోసం తర్వాతివాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్క నిమిషం ఆగండి అనాల్సింది, కనీసం ఫోటో అయినా తీసుకోవాల్సింది. పాపం ఎదురుచూస్తున్నారని, సుగుణ ముడిని నా చేత్తోనే విప్పి ఇచ్చేశాను.