ఆడపడుచుకు ముందే తెలిసిన దగ్గు

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. కుట్టుమిషను మీద కూర్చుందంటే లోకం పట్టదు. అలాంటి మనిషికి కడుపుమంట అంటూ ఉంటే అది ఆడపడుచు మీదే. పెళ్లయిన కొత్తలో మొదలైంది, ఇప్పటికీ చల్లారలేదు. బస్సు డ్రైవరైన మొగుడు కూర బాగుంటే "అచ్చం అక్క చేసినట్టే ఉంది" అనేవాడు. అదీ ఒక మెచ్చుకోలే!

ఈమధ్య ఆమె కుట్టిచ్చిన చేతిరుమాళ్లు ఒక్కొక్కటే మాయమవుతుంటే, ఎవతెకో ఇస్తున్నాడని అనుమానపడింది. తీరా చూస్తే అవి ఆడపడుచు ఇంటి దండెం మీద, ఎంత ఉతికినా పోని మరకలతో ఆరుతున్నాయి. మొగుడికి దగ్గితే రక్తం పడుతోందట. అక్కకు చెప్పాడు, పెళ్లానికి చెప్పలేదు! రోగం సంగతి కన్నా ముందు ఆ మాటే ఆమెను కాల్చింది. అందుకు సిగ్గుపడింది కూడా, కానీ మంట మంటే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. కిడ్నీలో పుట్టిన క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకింది. ఊపిరిగొట్టంలో గడ్డ పెరిగి, అక్కణ్నుంచి రక్తం కారుతోంది.

"నోట్లోంచి కెమెరా గొట్టం దింపి, చల్లటి సెలైన్ పోసి, కారేచోట వేడితో మాడుస్తాం. రక్తం ఆగుతుంది. క్యాన్సరు మాత్రం పోదమ్మా. ఇది కూడా చెయ్యకపోతే రక్తంతో ఊపిరాడక ప్రాణం మీదకొస్తుంది."

అతన్ని లోపలికి తీసుకెళ్లాక ఇద్దరాడవాళ్లూ బల్లకు చెరో చివరా కూర్చున్నారు.

"నాకెందుకు చెప్పలేదు వదినా?" అంది మిషనమ్మ.

"వాడు ఒట్టు వేయించుకున్నాడమ్మా."

ఆ ఒట్టు మీద కూడా ఆమెకు అసూయే.

చాలాసేపటికి నర్సు తలుపు తీసింది. "రక్తం ఆగింది. మెలకువ కూడా వచ్చింది. ఒక్కరే రండి."

ఆడపడుచు లేవబోయేలోగా మిషనమ్మ గుమ్మం దాటేసింది.

అతను కళ్లు తెరిచి, బొంగురు గొంతుతో మొట్టమొదట అడిగింది, "అక్కేదీ?" అని.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. "ఇంటికెళ్లిపోయింది," అనేసింది.

"హమ్మయ్య!" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. "భయంగా ఉందే. అక్క ముందు ఏడిస్తే తను తట్టుకోలేదు. నీ ముందైతే నాకు ఏడుపు ఆగదు. అందుకే నీకు చెప్పలేదు."

తలుపు అద్దం అవతల ఆడపడుచు నిలబడి ఉంది. మిషనమ్మ కుర్చీ జరుపుకుని ఆ అద్దానికి అడ్డంగా కూర్చుంది.