చెనక్కాయలు తినని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లోకి ఒక్క చెనక్కాయ గింజ కూడా వచ్చేది కాదు. మేముండేది అమెరికాలో. బడిలో పిల్లలందరూ రొట్టెకు పీనట్ బటర్, అదే చెనక్కాయల ముద్ద, పూసుకుని తింటుంటే నేను పెరుగన్నం డబ్బా తెరిచేదాన్ని. ఎందుకమ్మా అంటే, "మన వంశంలో తినరు, ఇంటి ఆచారం" అనేది అమ్మ. నాకు అది గర్వంగానే ఉండేది. మా వాళ్ళదని చెప్పుకోవడానికి ఆ దేశంలో నాకు ఇంకేముంది కనుక.

తొమ్మిదో ఏట మొదటిసారి అమ్మా నాయనా నన్ను నాయన సొంతూరికి తీసుకెళ్ళారు. మదనపల్లె నుంచి పెద్దమండ్యం పోయే దారిలో, వాననే నమ్ముకున్న పల్లె అది. ఇంట్లో అడుగుపెడితే నట్టింట్లో నా ఎత్తు చెనక్కాయల రాశి. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తున్నారు, ఒలుస్తూనే నోట్లో వేసుకుంటున్నారు. మా నాయనమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, వాళ్ళ మధ్యలో ఉంది. మా పిన్నమ్మ నా దోసిట్లో గుప్పెడు గింజలు పోసింది.

నేను వాటిని పారబోశాను. నాకు అప్పటి నుంచే నోరెక్కువ. "మనం తినకూడదు. మీకు ఆచారం తెలీదా?" అన్నాను.

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇవి తినకపోతే ఈడ ఇంకేం తింటాం పాపా? ఎవురు సెప్పినారు నీకు?" అంది పిన్నమ్మ. మా అమ్మ చెప్పిందన్నాను. వంటింటి గడపలో నిలబడ్డ అమ్మ ముఖం పాలిపోయింది. వచ్చినప్పటి నుంచీ ఆమె అవ్వతో ఒక్క మాటా మాట్లాడలేదు. నాకున్న ఒకే ఒక్క ఆచారం ఉత్తిదేనని తెలిసి ఏడుపు ముంచుకొచ్చింది.

అవ్వ నవ్వలేదు. చేతిలోని కాయను రాశిలో వేసింది. "నవ్వాకండి. పాప నిజమే సెప్తాండాది. ఈ ఇంట్లో తినకూడదు. నేనే మీకు సెప్పలా" అంది. లేచి నా చెయ్యి పట్టుకుని చేను గట్టుకు తీసుకెళ్ళింది. అక్కడ చిన్న రాయి ఒకటి పాతి ఉంది.

నాకొక అన్న ఉండేవాడట. కుదురుకున్నాక పిలిపించుకుందామని వాణ్ణి అవ్వ దగ్గర వదిలి అమ్మా నాయనా అమెరికా వెళ్ళారట. ఏడాదిన్నర పిల్లవాడు. "ఏడుస్తాండాడని గింజ నేనే పెట్టినానమ్మా నోట్లో. గొంతులో పడింది. మదనపల్లె బస్సు కోసరం రోడ్డు మింద నిలబడుకోని ఉండంగానే నా సేతుల్లోనే పోయినాడు. గింజ సంగతి మీ అమ్మా నాయనకు తప్ప ఎవురికీ సెప్పలా. ఆ పొద్దు నుంచి నేను గింజ నోట్లో ఎయ్యలా. మీ అమ్మ గూడా తినలేదని నాకు ఈ పొద్దే తెలిసింది" అంది అవ్వ.

మేము తిరిగొచ్చేసరికి అవ్వ వదిలి వెళ్ళిన చేటను అమ్మ ముందుకు లాక్కుని కాయలు ఒలుస్తోంది. అవ్వ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే చేటలోకి ఒలిచారు. అమ్మ అవ్వను క్షమించిందో లేదో నేను ఈ రోజుకీ చెప్పలేను. ఆ రాశి దగ్గర మాత్రం ఆ తర్వాత ఎవరూ గింజ నోట్లో వేసుకోలేదు.

ఇప్పుడు నాకే మనవళ్ళున్నారు. తెలుగు నాలుగు ముక్కలు కూడబలుక్కుంటారు, పండగలు నేను గుర్తు చేస్తే తప్ప గుర్తుండవు. కానీ చెనక్కాయ ముట్టరు. మా వంశంలో తినరని స్నేహితులకు చెప్పుకుంటారు, అచ్చం నాలాగే గర్వంగా. ఎందుకని అడిగితే ఇంటి ఆచారమనే చెబుతాను. అంతకు మించి చెప్పడానికి నాకు నోరు రాదు.

పోయిన నెల చిన్న మనవడికి ఏడాదిన్నర నిండింది. ఆ రోజంతా వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. అన్నం మెత్తగా పిసికి నేనే పెట్టాను. ఇంకెవ్వరినీ పెట్టనివ్వలేదు. ఇదేం చాదస్తమమ్మా అని నా కూతురు విసుక్కుంది.

ఇదీ మన ఆచారమేనే అన్నాను.