పద్నాలుగు రావలసిన చోట పద్దెనిమిది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలిసింది తక్కువ, తెలుసునన్న ధీమా ఎక్కువ. ఆ ధీమా అంతా నా అరచేతిలోని గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో ఉండేది. వేరుశనగ విత్తనాల పరిశోధనలో సహాయకుణ్ణి కాబట్టి, బెళుగుప్ప దగ్గర చిన్నాయన చేలో పాత రకం ఎనిమిది మడులు, కొత్త రకం ఎనిమిది మడులు వేయించాను. పంట పీకాక ఒక్కో మడి కాయలు తూచి, ఆ అంకెలు ఎక్కించి, రెండు సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో తేల్చే టీ-పరీక్ష నొక్కాను. రెండు రకాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని వచ్చింది. కొత్త రకంతో లాభం లేదని వెంటనే తీర్పు చెప్పేశాను.

"అయితే కొత్తవి విత్తనానికి వద్దా? గానుగకు పంపించేదా?" అంటూ చిన్నమ్మ మూట కట్టసాగింది. (గానుగకు పోయిన గింజ మళ్లీ మొలవదు. కొత్త విత్తనం వాళ్ల దగ్గర ఉన్నది అంతే.)

"కొత్తవే ఎక్కువ వచ్చినాయప్పా. గంపలు ఎత్తింది నేను కదా," అన్నాడు చిన్నాయన.

"నీ చేతికి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తెలుస్తాయా చిన్నాయనా?" అన్నాను. (ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

ఆయన నొచ్చుకోలేదు. "అదేందో చెప్పు, తెలుసుకుంటా," అన్నాడు. మొత్తం మడుల్లోంచి రెండు తీసేస్తే వచ్చే సంఖ్య అని చెప్పి, గొప్పగా తెర చూపించాను. అక్కడ పద్దెనిమిది ఉంది.

ఆయన వేళ్లు మడిచి చూసుకున్నాడు. "పదారులో రెండు పోతే పద్నాలుగు కదప్పా. తక్కిన నాలుగు మడులు యాడుండాయి? నాకు చెప్పకుండా ఎవరి చేలో ఏసినావు?"

కాలిక్యులేటర్‌లో పాత రకం అంకెల పట్టీ తెరిచాను. ఎనిమిది అంకెల కింద యాభై ఎనిమిది, అరవై ఒకటి, యాభై నాలుగు, అరవై మూడు. మెస్సు తిండికి చిక్కిపోతున్నామని నిరూపించడానికి అంతకుముందు వారం ఎక్కించి, చెరపడం మరిచిన మా గది నలుగురి బరువులు. చిన్నాయన చేలో పాత రకం తీగలకు నేనూ, నా ముగ్గురు స్నేహితులూ కాసి ఉన్నాం.

ఒప్పుకోవలసింది. "మిషన్‌కు ఎండ దెబ్బ తగిలినాది," అన్నాను.

"ముందే చెప్పకూడదా, పాపం," అని చిన్నాయన దాన్ని వసారాలోకి తీసుకుపోయి, తడి తువ్వాల మీద పెట్టి, పావుగంట విసనకర్రతో విసిరాడు. నేను చూస్తూ కూర్చున్నాను. తర్వాత గుట్టుగా ఆ నాలుగు బరువులూ చెరిపి మళ్లీ నొక్కాను. పద్నాలుగు వచ్చింది. కొత్త రకమే మేలని తేలింది. చిన్నమ్మ మూట విప్పింది.

నిజం ఇంతవరకూ చెప్పలేదు. నలభై దాటిన నేను ఇప్పటికీ ఆ చేనికి పోతే, చిన్నాయన నన్ను ఎండలోనే నిలబెట్టి, ముందు కాలిక్యులేటర్‌కు తడిగుడ్డ పరుస్తాడు. న్యాయమే అనుకుని, నాలో నేను నవ్వుకుంటూ నిలబడతాను.