ఉమ్మడి పెట్టెలో అక్క గొంతు

మా అక్క దర్జీ. చిరుగు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా కాఫీ సంగతి తర్వాత, ముందు కర్టెన్ అంచు ఊడిందని సూది అడుగుతుంది. గొంతులో గడ్డ లేచి, డాక్టర్లు కోసి తీసేశాక ఆమెకు మాట పోయింది. మనిషి దక్కింది, అదే పదివేలు అనుకున్నాం. అప్పటినుంచి ఏం చెప్పాలన్నా కత్తిరింపు బల్ల మీద సుద్దతో రాస్తుంది. మనం చదివామో లేదో చూడకుండానే మోచేత్తో తుడిచేస్తుంది. నోరున్నప్పుడూ అంతే, చెప్పిన మాట రెండోసారి చెప్పేది కాదు మహాతల్లి.

ఆ గొంతు ఇక మిగిలింది ఒక్క చోటే. అక్క బట్టలు కుట్టే కొట్టు తెరిచిన రోజు బావ అద్దె కెమెరాతో తీసిన వీడియో క్యాసెట్‌లో. ఇంట్లో పాత ప్లేయర్ ఎప్పుడో మూలనపడింది. క్యాసెట్ బీరువాలో బట్టల కింద ఉండిపోయింది. బావ లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఆయనకు అది గుర్తుందో లేదో కూడా తెలియదు.

ఒకరోజు అక్క కూతురు చిన్ని నా పక్కన కూర్చుని ఏడ్చింది. "పిన్నీ, అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు. ఎంత ఆలోచించినా నీ గొంతే వినిపిస్తోంది" అంది. గోడ అవతల కుట్టు మెషీన్ చప్పుడు ఠక్కున ఆగిపోయింది. మర్నాడు నేను వెళ్ళేసరికి బల్ల మీద ఇంతింత అక్షరాలు: "క్యాసెట్ పాడవకముందే డిస్క్‌లోకి ఎక్కించాలి. దానికి చెప్పకు."

టీవీల కొట్టాయన రెండు రకాలు చూపించాడు. క్యాసెట్టూ డిస్కూ ఒకే పెట్టెలో ఉన్న కాంబో ఒకటి. లేదంటే దేనికది విడివిడిగా రెండు మెషీన్లు.

"ఉమ్మడి కాపురమా, వేరు కాపురమా, మీ ఇష్టం అమ్మా. నన్నడిగితే వేరు కాపురమే మేలు. ఈ క్యాసెట్ ప్లేయర్‌కి చూపించడమే వచ్చు, రికార్డ్ చెయ్యడం రాదు. మీ చెయ్యి తప్పినా ఉన్నది చెరిగిపోదు. కాంబో అలా కాదు, క్యాసెట్ మీదా రాస్తుంది, డిస్క్ మీదా రాస్తుంది."

"విడివిడిగా అయితే తీగలు కలపాలా?" అన్నాను.

"కలపాలి మరి. ఎర్రది, తెల్లది, పసుపుది. ఏది ఎందులో పెట్టాలో చూసుకోవాలి."

తీగలనేసరికి అక్క ముఖం పాలిపోయింది. ఏ తీగ ఎక్కడ పెడితే ఏం కాలిపోతుందోనని ఆమె హడలు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఆయన గాజు బల్ల మీదే సుద్దతో రాసింది: "ఒకే పెట్టె."

ఆయన అయినా వదల్లేదు. "క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. అది విరిచేస్తే అక్కడ కన్నం పడుతుంది. అప్పుడు ఏ మెషీనూ దాని మీద రాయలేదు. విరిచారా?"

"మా బావ నా కళ్ళముందే స్క్రూడ్రైవర్‌తో విరిచాడు" అన్నాను. అక్క కూడా తలూపింది.

"అయితే ఉమ్మడిలోనూ భయంలేదు, తీసుకెళ్ళండి" అన్నాడు.

కూతురు ఆఫీసు నుంచి వచ్చేలోగా పని కానివ్వాలని మధ్యాహ్నమే ముందు గదిలో టీవీకి తగిలించాం. పళ్ళెంలో ఖాళీ డిస్క్ పెట్టాం. అక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని క్యాసెట్ లోపలికి తోసింది. పెట్టె దాన్ని గుటుక్కున మింగింది. రికార్డ్ మీట రెండు చోట్ల ఉంది, క్యాసెట్ నోటి కింద ఒకటి, డిస్క్ పళ్ళెం కింద ఒకటి. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టెతో వచ్చిన పుస్తకంలో చూసేలోపే అక్క ఒకటి నొక్కేసింది.

తెర మీద నీలం తప్ప ఏమీ లేదు. వస్తుంది, వస్తుంది అనుకుంటూ చూస్తున్నాం. అంతలో క్యాసెట్ వైపు వెలుగుతున్న ఎర్ర దీపం నా కంట పడింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పెట్టె రాస్తున్నది డిస్క్ మీద కాదు, క్యాసెట్ మీద! అక్క గొంతు మీద నీలం పూస్తోంది! ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాను.

 

మళ్ళీ కరెంటు పెట్టి క్యాసెట్ బయటికి తీశాను. కన్నం ఉండాల్సిన చోట గుడ్డ పట్టీ ముక్క అంటించి ఉంది. అంచులు తీరుగా కత్తిరించి, గాలి కూడా దూరకుండా.

"ఇదేమిటే అక్కా?"

ఆమె నేల మీదే రాసింది: "కన్నం పడిందని అతికాను. లోపలికి దుమ్ము పోతుందని."

"నీ అతుకుల పిచ్చి తగలెయ్య! కన్నం మూసేస్తే రెక్క ఉన్నట్టేనే! పోనీ ఆ మీటే ఎందుకు నొక్కావ్?"

"రికార్డ్ చెయ్యాల్సింది క్యాసెట్‌లోదే కదా." అది రాస్తుండగానే సుద్ద విరిగిపోయింది. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుపుకైనా చప్పుడు రాని మనిషి అలా వణుకుతుంటే చూడలేకపోయాను. తిట్టినందుకు కాదు ఆ ఏడుపు, అందులో ఏమీ మిగల్లేదేమోనని.

పట్టీ పీకేశాను. ఇప్పుడు ఆ పెట్టె దాని మీద రాయమన్నా రాయదు. ఇక చూడటమే మిగిలింది, ఆ ధైర్యమే ఇద్దరికీ లేదు. పెరటి తలుపు చప్పుడైంది. కూతురు తొందరగా వచ్చేసినట్టుంది, వెనక కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, పెట్టమని చెయ్యి ఊపింది.

క్యాసెట్ మళ్ళీ లోపలికి తోసి, మొదటికి తిప్పి నొక్కాను. నీలం. ఎంతసేపటికీ నీలమే. కొట్టు తలుపు తెరవడం పోయింది, వచ్చినవాళ్ళను అక్క పేరుపేరునా పిలవడం పోయింది. నేను తల పట్టుకున్నాను. తెర ఒక్కసారి వణికింది. కొత్త కుట్టు మెషీన్ ముందు కూర్చున్న అక్క వీపు కనబడింది. తల తిప్పకుండానే, ఇల్లంతా వినబడేలా కేకేసింది.

"చిన్నీ! కత్తెర ఎక్కడ పెట్టావే?"

"అరలోనే ఉంది చూడమ్మా!" అని పెరట్లోంచి జవాబొచ్చింది.

ఆ తర్వాతే కుళాయి ఆగింది.