జాడించిన నీళ్లు ఎటు పోతున్నాయి?

ఆ దర్జీకి వీధిలో పిల్లలు పెట్టిన పేరు "ఆపేశారా మావయ్య". ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే "వెనక గదిలో లైటు ఆపేశారా?" అని అడిగే మనిషిని మరేమని పిలుస్తారు!

ఆ అలవాటు వాళ్లమ్మ చలవ. కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయకుండా పారబోస్తే వీపు విమానం మోత మోగించేది ఆవిడ. పని నేర్చుకునే రోజుల్లో తోటివాళ్లు గుడ్డపీలికలు ఊడ్చి పారేస్తుంటే, ఇతను వాటిని ఏరి దిండ్లలో కూరేవాడు. సొంత కొట్టు పెట్టాక, కుట్టిన బట్టల్ని మిగిలిన గుడ్డతో చేసిన సంచిలో పెట్టి ఇచ్చేవాడు. ఆ సంచి తిరిగి తేనివాళ్లను మాత్రం జన్మలో మరిచిపోయేవాడు కాదు. అంతవరకూ బాగానే ఉంది. మంచి అలవాటుకు అనుమానం తోడైతేనే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటికి రాగానే టీవీ వెనక చెయ్యి పెట్టి చూసేవాడు. వెచ్చగా తగిలిందా, ఇక పిల్లలకు మూడినట్టే. బల్బులనూ అలాగే తడిమేవాడు. కొత్తరకం బల్బులు వచ్చి, అవి అంతగా వేడెక్కకపోయేసరికి ఆధారాలు కరువయ్యాయి గానీ అనుమానం తగ్గలేదు. పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయాక ఆ డేగచూపంతా భార్య మీద పడింది.

వాళ్లింట్లో బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్లు తొట్టిలో ఉంచి, వాటితోనే గచ్చు తుడిచి, మిగిలినవి కుండీలకు పోయాలి. పెళ్లయిన నాటి నుంచీ అదే పద్ధతి. ఈమధ్య సాయంత్రానికి తొట్టి ఖాళీగానే ఉంటోంది గానీ, కుండీలో వేలు గుచ్చితే మట్టి పొడిగా తగులుతోంది.

"నీళ్లేం చేశావే?"

"మొక్కలకు పోశానండీ."

పచ్చి అబద్ధం! ఆ పూట అతనికి అన్నం సహించలేదు. నీళ్లు పోతే పోయాయి, ఇన్నేళ్లూ ఆమె తనతో కలిసి చేసిందంతా నటనేనా? ఆ ఆలోచన అతన్ని లోలోపల తొలిచేసింది. ఆమె పక్కింటావిడతో మెల్లగా మాట్లాడినా, తన గురించే నవ్వుకుంటున్నారని అనిపించేది.

ఒకరోజు కుడుతున్న చొక్కాను మిషను మీదే వదిలేసి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా అడుగులేస్తూ పెరటి తలుపు దాకా వెళ్లాడు. భార్య గోడకానుకుని నిలబడి, పాదంతో తొట్టిని వంచుతోంది. నీళ్లన్నీ బుడబుడమంటూ తూములోకి పోతున్నాయి.

"దొరికావు!" అని అరిచాడు. ఆ గొంతులో కోపం ఎంతుందో సంతోషమూ అంతే ఉంది.

ఆమె తుళ్లిపడింది. తరవాత నింపాదిగా కాలు కిందికి దించింది.

"ఎత్తలేకపోతున్నానండీ. భుజం పట్టేసింది. ఒంటిచేత్తో బట్టలు జాడించేసరికే ఓపిక అయిపోతోంది. తొట్టి సంగతి సరే, చెంబు ఎత్తినా ప్రాణం పోతోంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్ముతారా? పని ఎగ్గొట్టడానికి వంక అంటారు. పోయిన నెల జాకెట్టుకు కొలత తీస్తూ చెయ్యెత్తమన్నారు. సగం దాకా ఎత్తి ఆగిపోతే, సరిగ్గా నిలబడమని కసిరారు. చేతిలో టేపు పట్టుకుని కూడా మీకు తెలీలేదు. నీళ్లెటు పోయాయో మాత్రం కనిపెట్టారు."

సిగ్గుతో అతని ముఖం మాడిపోయింది. దగ్గరికి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలోనే ఆగిపోయాడు.

"ఏ భుజం?" అని అడిగాడు.

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.