నాన్న వంతు పొత్తు

యుద్ధం రోజులు. నాకు ఆరేళ్లు. మోపిదేవి దగ్గర లంకలో ఉండేవాళ్లం.

"రేపు కాల్చి, వెన్నా కారం రాసుకు తిందామే" అంటూ నాన్న మొక్కజొన్న పొత్తులు తెచ్చాడు. తెల్లారేసరికి ఇంటినిండా ఏడుపులు. నాన్న లేవలేదు. పొయ్యి ఎవరూ వెలిగించలేదు. వాకిట్లో మాత్రం పిడకలు రాజుకుంటున్నాయి. వాటిమీదే రెండు పొత్తులు కాల్చి, వెన్నా కారం పూసి పట్టుకెళ్లాను.

"లే నాన్నా, చల్లారిపోతోంది."

బాబాయి నా చేతిలో పొత్తులు చూశాడు. "ఆ నిప్పు మీద కాల్చావా తల్లీ!"

నాయనమ్మ ఒక పొత్తు నాన్న పక్కన పెట్టింది. "వాడిది వాడికిచ్చానమ్మా. నీది నువ్వు తిను."

తిన్నాను. కాసేపటికి బాబాయి ఆ నిప్పునే కుండలోకి ఎత్తుకుని పాడె ముందు నడిచాడు.

ఆకలి మీదున్నానేమో, ఆ పొత్తు ఎంతో బాగుంది. ఆ మాట అమ్మకు చివరిదాకా చెప్పలేకపోయాను.